ఉరకలేసే కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు

వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వుల్లో పెద్దగా చర్చకు రాని అంశం ఒకటుంది. జంతుప్రేమికులు ఎవరైనా స్థానిక మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చు. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత మాత్రం వాళ్లదే. అంతకు కొద్ది రోజుల ముందే, ఆగస్టు 17న, జీహెచ్‌ఎంసీ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో వీధి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. 1992 నుంచి నగరంలో పనిచేస్తున్న జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ దగ్గర్నుంచి, ఇద్దరు ముగ్గురు కలిసి వాట్సాప్‌లో నడుపుకునే చిన్న గ్రూపుల దాకా, హైదరాబాద్‌లో కుక్కను దత్తత ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. తీసుకునేవాళ్లూ పెరుగుతున్నారు. అయితే తీసుకెళ్లిన కుక్క నెలా రెండు నెలల్లో తిరిగి షెల్టర్‌కు రావడం కూడా ఈ పనిలో ఉన్నవాళ్లకు బాగా తెలిసిన సంగతే.

అలా తిరిగొచ్చే కుక్కల్లో ఒక రకం తరచుగా కనిపిస్తుంది. వయసు ఎనిమిది నెలలకూ రెండేళ్లకూ మధ్య, ఆరోగ్యం బాగుంటుంది, మనిషిని చూస్తే మీద పడేంత ప్రేమ, ఒక్క క్షణం కుదురుగా ఉండదు. దాని ఫొటో కింద వాలంటీర్లు ‘హై ఎనర్జీ, యాక్టివ్ ఫ్యామిలీ కావాలి’ అని రాస్తారు. అది చదివి ముందుకొచ్చేవాళ్లు తగినవాళ్లే అనిపిస్తారు. పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తేవాళ్లు, ఆదివారం అనంతగిరి కొండలెక్కేవాళ్లు, ఆగస్టులో జరిగే మారథాన్ కోసం నెలల తరబడి తయారయ్యేవాళ్లు. వాళ్ల ఉత్సాహంలో లోపమేమీ లేదు. అయినా ఈ జోడీ చాలాసార్లు కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే కుదిరేలా చూసుకోవడం పెద్ద కష్టం కాదు.

ఇల్లు చురుగ్గా ఉంటుందంటే సాధారణంగా ఇంట్లోని మనుషులు చురుగ్గా ఉంటారనే అర్థం. ఆ చురుకుదనంలో కుక్కకు దక్కే వాటా ఎంతన్నది వేరే లెక్క. కేబీఆర్ జాతీయ పార్కు లోపలికి పెంపుడు కుక్కలను రానివ్వరు. జిమ్‌కు, బ్యాడ్మింటన్ కోర్టుకు, ఈత కొలనుకు కుక్కను తీసుకెళ్లలేం. మాదాపూర్‌లో ఆఫీసు, ఎల్బీ నగర్‌లో ఇల్లు అయితే రోజులో రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. పొద్దున పరుగు, పగలంతా ఆఫీసు, సాయంత్రం పిల్లల క్లాసులు, రాత్రి తొమ్మిదికి భోజనం, శని ఆదివారాలు ఊరు దాటి తిరగడం. ఇంత చలాకీగా ఉన్న ఇల్లు కుక్క వైపు నుంచి చూస్తే రోజంతా తాళం వేసి ఉండే ఇల్లే. దానికి మనిషి ఉత్సాహం కంటే మనిషి అందుబాటు ముఖ్యం. అదీ ఆదివారం ఒక్కరోజు ఐదు గంటలు ఇస్తే సరిపోదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఇవ్వాలి.

కాబట్టి దత్తతకు ముందు ఇల్లు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట, మధ్యలో ఒకసారి బయటికి తీసుకెళ్లే మనిషి. ఆ మూడింటి పక్కనా పేర్లు రాయాలి. ‘అందరం చూసుకుంటాం’ అనుకున్న ఇళ్లలో చివరికి ఆ భారం ఇంట్లో ఉండే అమ్మ మీదో అత్తగారి మీదో పడుతుంది. మోకాళ్ల నొప్పులతో ఉన్న అరవై ఏళ్ల మనిషి ఇరవై కిలోల పడుచు కుక్కను తాడుతో పట్టుకుని మెట్లు దిగడం ప్రమాదం. ఆమెను అడగకుండా కుక్కను తేవడం అన్యాయం కూడా.

ఆ ఉరకలు ఎక్కడివి?

షెల్టర్‌లో ఎగిరెగిరి పడుతున్న కుక్కను చూసి దాని స్వభావమే అంత అనుకోవడం తొందరపాటు. ఆ ఉరకల వెనక వేర్వేరు కారణాలుంటాయి, కారణాన్ని బట్టి చేయాల్సిన పనీ మారుతుంది.

మొదటిది వయసు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకు కౌమారం. ఒళ్లు పెద్ద కుక్కది, నిగ్రహం మాత్రం చిన్నపిల్లది. ఇది వయసుతో పాటు నెమ్మదిస్తుంది. రెండోది బందీతనం. రోజులో ఇరవై రెండు గంటలు ఒకే గదిలో, చుట్టూ ముప్పై కుక్కల మొరుగుల మధ్య ఉన్న కుక్క తలుపు తీసిన ఆ పది నిమిషాల్లో చేసే గంతులు దాని సహజ గుణం కాకపోవచ్చు. అదే కుక్క ఒక ఇంటికి వెళ్లాక రెండు వారాల్లో సోఫా పక్కన కాళ్లు చాపి నిద్రపోతుంది. మూడోది ఆందోళన. రొప్పుతూ, ఒకచోట నిలవకుండా తిరుగుతూ, తినిపించబోతే ముద్ద కూడా ముట్టని కుక్క హుషారుగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అది భయపడుతోంది. దాన్ని ఇంకా పరిగెత్తిస్తే భయం తగ్గదు.

నాలుగోది జాతి. హైదరాబాద్ షెల్టర్లలో ఊరకుక్కలతో పాటు యజమానులు వదిలేసిన లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు, బీగిళ్లు, ఈ వేడికి బొత్తిగా సరిపడని హస్కీలు కూడా ఉంటాయి. హస్కీ మంచులో బండి లాగడానికి పుట్టింది, షెపర్డ్ గొర్రెల మందల్ని కాయడానికి, బీగిల్ కుందేలు వాసన పట్టుకుని మైళ్లకొద్దీ పోవడానికి. గంటల తరబడి ఒకే పని మీద ఉండగల శక్తి వీటికి తరతరాలుగా వచ్చింది. మన ఊరకుక్క తీరు వేరు. ఏ బస్తీలో చూసినా అది మిట్టమధ్యాహ్నం ఆగి ఉన్న కారు కింద పడుకునే ఉంటుంది. తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక మాత్రం ఊపు మీద ఉంటుంది. దాని శక్తి విడతలు విడతలుగా వస్తుంది, మధ్యలో సుదీర్ఘమైన విశ్రాంతి. పొద్దున, సాయంత్రం బాగా తిరిగి పగలు పడుకునే దినచర్యకు ఊరకుక్క చాలా త్వరగా అలవాటు పడుతుంది. ఉద్యోగాలు చేసుకునే ఇంటికి హస్కీ కంటే, బీగిల్ కంటే ఊరకుక్కే ఎన్నో రెట్లు నయం. జాతికుక్కంటే మోజు పడేవాళ్లు ఈ ఒక్క విషయమైనా ఆలోచించాలి.

పైగా ఊరకుక్కకు తెలివి తక్కువనే అపోహ ఒకటి. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఏ శిక్షణా లేని వీధికుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి మనిషి ఒకదాని వైపు చెయ్యి చూపించాడు. దాదాపు సగం కుక్కలు దగ్గరికి రావడానికే జంకాయి. వచ్చినవాటిలో అత్యధికం మనిషి చూపిన గిన్నె వైపే వెళ్లాయి. మనిషి సైగ అర్థం చేసుకునే నేర్పు, మనిషంటే బెదురు, ఈ రెండూ వాటిలో పక్కపక్కనే ఉంటాయి. ముందు బెదురు పోతే ఆ నేర్పు బయటపడుతుంది.

ఉరకల వెనకున్న ఆ నాలుగు కారణాల్లో ఏది ఎంతుందో షెల్టర్‌లో పది నిమిషాల్లో తేలదు. అందుకే ఒకసారి చూసి నిర్ణయించుకోకూడదు. కనీసం రెండు మూడు సార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లి, వాలంటీర్‌తో కలిసి కుక్కను బయటికి నడిపించాలి. మొదటి పావుగంట ఎంత లాగిందన్నది పెద్ద విషయం కాదు. పావుగంట తర్వాత కాస్త నెమ్మదించిందా, నేల వాసన చూస్తోందా, పేరు పెట్టి పిలిస్తే ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసిందా అన్నవి గమనించాలి. అలా తనంతట తాను దిగివచ్చే కుక్క ఇంట్లోనూ సర్దుకుంటుంది. అరగంట గడిచినా ఇంకా ఇంకా పైకెక్కుతున్న కుక్కకు అనుభవమున్న ఇల్లు కావాలి. ఇంతకంటే మంచి పద్ధతి, కొన్నాళ్లు ఎవరి ఇంట్లోనైనా ఫోస్టర్‌గా, అంటే తాత్కాలికంగా, ఉన్న కుక్కను తీసుకోవడం. రాత్రి నిద్రపోతుందా, ఒంటరిగా వదిలితే ఏం చేస్తుంది, తింటుంటే దగ్గరికెళ్తే గుర్రుమంటుందా, చిన్నపిల్లలు కనబడితే ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలకు ఫోస్టర్ చేసినవాళ్లు చెప్పే జవాబు ఏ ఫొటో కంటే, ఏ వీడియో కంటే విలువైనది.

అలసట కంటే విశ్రాంతి నేర్పడమే కష్టం

‘అలిసిపోయిన కుక్క బుద్ధిగా ఉంటుంది’ అన్న మాట కుక్కల్ని పెంచేవాళ్ల నోట తరచూ వినబడుతుంది. అందులో కొంత నిజం ఉంది. ఉత్సాహవంతులైన ఇళ్లు మాత్రం ఈ మాట పట్టుకునే ఎక్కువగా దారి తప్పుతాయి. మొదటి వారం గంట నడిపిస్తారు, కుక్క పడుకుంటుంది. మూడో వారానికి గంట చాలదు, బంతి విసరడం మొదలవుతుంది. రెండో నెలకు పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర తిరిగొచ్చినా ఇంట్లోకి రాగానే చెప్పులు నోట కరుచుకుని సోఫా చుట్టూ చక్కర్లు. జరిగిందేమిటంటే, కుక్క దమ్ము పెరిగింది. రోజూ సాధన చేయిస్తే మనిషి పరుగు ఎలా మెరుగవుతుందో దానిదీ అంతే. దానికి తోడు, బంతి వెంట పదే పదే పరిగెత్తించడం వల్ల దాని నరాలు గంటల తరబడి ఉద్రేకంలోనే ఉంటాయి. ఒళ్లు అలిసినా మనసు దిగదు.

ఎదిగిన కుక్క రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు నిద్రపోవాలి, పిల్లలైతే పద్దెనిమిది గంటల పైనే. షెల్టర్ గోలలో నెలల తరబడి సరిగ్గా నిద్రలేని కుక్కకు మొదట్లో ఇంకా ఎక్కువ కావాలి. రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు పరిగెత్తి, చేతులు కొరికే పడుచు కుక్కకు చాలాసార్లు కావాల్సింది ఇంకో వాకింగ్ కాదు, నిద్ర. పసిపిల్లలు నిద్ర ముంచుకొచ్చినప్పుడే ఎక్కువ పేచీ పెట్టినట్టు. దానికంటూ ఒక మూల, కింద ఒక పాత దుప్పటి, ఎవరూ కదిలించకూడదన్న నియమం ఇంట్లో అందరికీ తెలియాలి. ముఖ్యంగా పిల్లలకు. పడుకున్న కుక్క మీద పడి ముద్దు పెట్టుకోవడం చాలా ఇళ్లలో కాటుకు దారితీసే పని.

నడకలో కూడా దూరం కంటే వాసనలు ముఖ్యం. అరగంట పాటు దానికి నచ్చిన చోటల్లా ఆగి చెట్టు మొదలు, గోడ మూల, మట్టిదిబ్బ వాసన చూడనిస్తే వచ్చే తృప్తి గంట పరుగులో రాదు. కుక్కకు ముక్కే పెద్ద దినపత్రిక, అంటారు కుక్కల్ని ఎరిగినవాళ్లు. ఇంట్లో గిన్నెలో వేసే తిండిలో సగం పాత టవల్లో చుట్టి, అట్టపెట్టెలో కాగితాల మధ్య దాచి వెతుక్కోమంటే పావుగంట బుర్రకు పని. కూర్చో, ఆగు, రా, వదిలెయ్ అన్న నాలుగు మాటలు చిన్న చికెన్ ముక్కలతో రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు నేర్పితే చాలు. వాటికంటే విలువైనది ఐదోది: ఏమీ చేయకుండా పడుకున్నప్పుడు నెమ్మదిగా వెళ్లి ఒక ముక్క కాళ్ల ముందు పెట్టి రావడం. కుక్క అల్లరి చేసినప్పుడే దాన్ని పట్టించుకునే ఇంట్లో అల్లరి పెరుగుతుంది. ఊరికే పడుకున్నప్పుడు కూడా ఎవరో ఒకరు గమనిస్తున్నారని దానికి తెలియాలి.

పరుగు అలవాటున్నవాళ్లు కుక్కను వెంట పరిగెత్తించాలని ఆత్రపడతారు. దానికి కొంత ఆగాలి. ఎదిగే కుక్క ఎముకల చివర్లు గట్టిపడటానికి మధ్యస్థం సైజు ఊరకుక్కకైనా దాదాపు ఏడాది పడుతుంది, పెద్ద జాతులకు ఏడాదిన్నర. అంతవరకూ తారు రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ జాగింగ్, పదేపదే ఎత్తు నుంచి దూకించడం మంచిది కాదు. తనకు తానుగా మట్టిలో ఆడుకునే పరుగుకు అడ్డు లేదు. ఏడాది దాటాక డాక్టర్‌కు చూపించి, కిలోమీటరుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుకుంటే ఊరకుక్క అద్భుతమైన జాగింగ్ తోడు అవుతుంది.

హైదరాబాద్ పెట్టే షరతులు

ఏప్రిల్, మే నెలల్లో ఈ నగరం నలభై డిగ్రీలు దాటుతుంది. గాలి వేడి కంటే తారు రోడ్డు వేడి చాలా ఎక్కువ. చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకూ ఆ రోడ్డు పనికిరాదు. వేసవిలో పొద్దున ఆరున్నరలోపు, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే నడక. అంటే రాత్రి ఒంటిగంటకు పడుకుని ఎనిమిదికి లేచే ఇంటికి వేసవి నాలుగు నెలలూ పరీక్షే. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే నీడకు చేర్చి, ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగిలేలా చూసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హుషారు కుక్కల్లో ఈ ముప్పు ఎక్కువ. ఆట మధ్యలో అవి తమంతట తాము ఆగవు, ఆపాల్సింది మనిషే.

రెండో చిక్కు, వీధిలో ఉండే మిగతా కుక్కలు. మలక్‌పేటలో దొరికిన కుక్క కొండాపూర్ వీధికి పరాయిది. ఆ గల్లీ కుక్కలు నాలుగు కలిసి మీదికొస్తాయి. తాడు పట్టుకున్న మనిషి పరిగెడితే గొడవ పెరుగుతుంది. నిలబడి, తన కుక్కకూ వాటికీ మధ్య నిలిచి, నెమ్మదిగా వెనక్కి నడవాలి. రోజూ వాటికి తిండి పెట్టేవాళ్లు ఆ వీధిలో ఉంటే వాళ్లతో పరిచయం చేసుకోవడం మేలు. ఏ వేళకు అవి ఎక్కడుంటాయో, ఏది కలహాలమారిదో వాళ్లకు తెలుస్తుంది. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ కుక్కల కోసమే ఒక పార్కు తెరిచింది. అలాంటి చోటుకు కొత్త కుక్కను మొదటి నెలలోనే తీసుకెళ్లడం మాత్రం సరికాదు. టీకాలు పూర్తికావాలి, పిలిస్తే రావడం నేర్చుకోవాలి, అప్పటిదాకా ఆగాలి.

మూడోది పారిపోవడం. ఇది అన్నిటికంటే ముందు రాయాల్సినంత ముఖ్యం. కొత్త ఇంటికి వచ్చిన కుక్కకు మొదటి రోజుల్లో అది తన ఇల్లని తెలియదు. తలుపు సందు దొరికినా, మెడ బెల్టు వదులుగా ఉన్నా, ఆటో హారన్‌కు బెదిరి జారిపోతుంది. దానికి వెనక్కి వచ్చే దారి తెలియదు, పిలిచే పేరూ ఇంకా అలవాటు కాలేదు. అందుకే మొదటి కొన్ని వారాలు మెడకు బెల్టు, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ), రెండింటికీ తాడు ఉండాలి. బెల్టు మీద ఫోన్ నంబర్ ఉండాలి. ఖాళీగా ఉందని ఖాజాగూడ గుట్టల దగ్గరో, గండిపేట కట్ట మీదో తాడు విప్పడం సాహసం. స్వేచ్ఛగా తిరగనివ్వాలనిపిస్తే పది మీటర్ల పొడవాటి తాడు ఉంది.

పండుగల సంగతి కూడా ఇక్కడే. ఆషాఢంలో బోనాల డప్పులు, వినాయక నిమజ్జనానికి డీజేలు, ఆ తర్వాత దీపావళి టపాసులు. దీపావళి మర్నాడు ‘మా కుక్క తప్పిపోయింది’ అన్న పోస్టులు ప్రతి ఏటా కనిపిస్తాయి. ఈ పండుగలకు ముందు వారం రోజుల్లో కొత్త కుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది. ఉన్న కుక్కను ఆ రోజు చీకటి పడకముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసిన లోపలి గదిలో, మనిషి తోడుగా ఉంచాలి.

ఇక గుమ్మం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఫుడ్ డెలివరీకి వచ్చిన యువకుడి మీదికి ఇంట్లోని పెంపుడు కుక్క దూసుకొచ్చింది. భయంతో అతను మూడో అంతస్తు నుంచి పడి ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాతి నెలలోనే అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. ఈ రెండు ఘటనల తర్వాత నగరంలో కుక్కంటే భయపడేవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. ‘మా కుక్క ఏం చేయదు’ అన్న మాట లిఫ్టులో గోడకు అతుక్కుపోయిన మనిషికి ఏ రకంగానూ సాయపడదు. ప్రేమతో మీద పడే కుక్క అయినా, ఎదుటి మనిషికి కనిపించేది మీద పడే కుక్కే. అందువల్ల హుషారు కుక్కకు నేర్పాల్సిన మొదటి పాఠం గుమ్మం దగ్గరే. బెల్లు మోగితే తన మూలకు వెళ్లి కూర్చోవడం రోజూ సాధన చేయించాలి. అది వచ్చేదాకా లోపల గేటు పెట్టడమో, తాడు కట్టి పట్టుకున్నాకే తలుపు తీయడమో తప్పనిసరి. ఇంట్లో పనిచేసే ఆమె, వాచ్‌మన్, పాలబ్బాయి, కొరియర్ వాళ్లు ఎవరూ ఆ కుక్కను తమంతట తాము ఎంచుకోలేదు. కుక్క వస్తోందని పనిచేసే ఆమెకు ముందుగా చెప్పి, ఆమె వచ్చే వేళకు దాన్ని వేరే గదిలో ఉంచడం కనీస మర్యాద. జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల విషయానికొస్తే, జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం వాటికి లేదు. లిఫ్టు వాడొద్దనే అధికారమూ లేదు. ఆ కాగితం చూపించి గెలవడం కంటే, రద్దీ లేని వేళ లిఫ్టు ఎక్కడం, వెంట సంచి ఉంచుకుని మలం ఎత్తేయడం ఎక్కువ కాలం పనిచేస్తాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఓనర్‌తో ముందే మాట్లాడి అగ్రిమెంటులో రాయించుకోవాలి. కుక్క వచ్చాక బయటపడే ఓనర్ అభ్యంతరం చాలా దత్తతల్ని మధ్యలోనే ముగిస్తుంది.

ఒక్కసారిగా బుద్ధిగా మారితే

ఆరోగ్యం విషయంలో టీకాల పట్టిక ఏ వెటర్నరీ డాక్టరైనా చెబుతారు. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులకు కలిపి ఇచ్చే టీకా, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా, తర్వాత ఏటా బూస్టర్. చెవి చివర చిన్న కోత ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినట్టే. లేకపోతే చేయించాలి. ఆపరేషన్‌తో తిరుగుళ్లు తగ్గుతాయి గానీ హుషారు తగ్గిపోతుందనుకోకూడదు. ఇంట్లో ఇదివరకే కుక్క ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు విడిగా ఉంచడం మంచిది.

హుషారు కుక్క విషయంలో ప్రత్యేకంగా చెప్పాల్సింది పిడుదుల జ్వరం గురించి. హైదరాబాద్ కుక్కల్లో ఇది చాలా మామూలు. గోధుమరంగు పిడుదులు గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో గుడ్లు పెట్టి ఇంట్లోనే బతుకుతాయి. అవి కుట్టినప్పుడు ఎర్లీషియా, బాబేసియా లాంటి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి ప్లేట్‌లెట్లను, ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఇంటిల్లిపాదినీ పరిగెత్తించిన కుక్క నాలుగు రోజులుగా మూలన బుద్ధిగా పడుకుంటోందంటే, మాలిమి అయిందని సంతోషించే ముందు దాని చిగుళ్లు పైకెత్తి చూడాలి. పాలిపోయి ఉన్నా, తిండి తగ్గినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. త్వరగా పట్టుకుంటే మందులతో తగ్గే జబ్బు ఇది, ఆలస్యమైతే ప్రాణాలు తీస్తుంది. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. షెల్టర్‌లో ‘చాలా శాంతం’ అని ఇచ్చిన కుక్క, లోపల ఉన్న జ్వరం తగ్గి, రక్తం పట్టాక, రెండో నెలలో అసలు రూపం చూపిస్తుంది. అది మోసం కాదు, కోలుకోవడం.

షెల్టర్ల వాళ్లు కొత్త కుక్క గురించి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక మోటు లెక్క చెబుతారు. మూడు రోజుల్లో భయం కాస్త తగ్గుతుంది, మూడు వారాల్లో ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనిపిస్తుంది. ఎక్కువమంది చేతులెత్తేసేది మూడో వారానికీ మూడో నెలకూ మధ్యనే. బెరుకు పోయిన కుక్క అప్పుడే హద్దులు పరీక్షిస్తుంది. అది కౌమారంలో ఉన్న కుక్క అయితే ఇంకా ఎక్కువ. 2020లో బ్రిటన్ పరిశోధకులు చూపులేనివాళ్లకు దారి చూపే గైడ్ డాగ్‌లుగా పెంచుతున్న కుక్కల్ని గమనిస్తే, ఐదు నెలల వయసులో చెప్పినట్టు కూర్చున్నవే ఎనిమిది నెలల వయసులో పెంచుతున్న మనిషి మాటను పెడచెవిన పెట్టాయి. కొత్త మనిషి చెబితే మాత్రం విన్నాయి. ఏడాది వయసుకల్లా మళ్లీ దారికొచ్చాయి. కుక్క మొండికేసింది, మనల్ని లెక్కచేయడం లేదు అని బాధపడే ఇంటికి ఈ విషయం తెలియడం చాలా అవసరం. ఆ నాలుగైదు నెలలు కొట్టడం, గొలుసుతో కట్టేయడం, బాల్కనీలో వదిలేయడం మొదలుపెడితే పోయే నమ్మకం మళ్లీ తేలిగ్గా రాదు. అదే పాఠాలు, అవే చికెన్ ముక్కలు, అదే వేళకు నడక కొనసాగించాలి, అంతే.

ఉద్యోగాల తీరు ఇక్కడ ఇంకో మెలిక పెడుతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న నెలలో కుక్కను తెచ్చి, రోజంతా పక్కనే కూర్చోబెట్టుకుని, ఒక సోమవారం హఠాత్తుగా పది గంటలు తాళం వేసి వెళ్తే ఆ కుక్క తలుపు గీకేస్తుంది, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారు. మొదటి వారం నుంచే రెండు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట చొప్పున ఒంటరిగా ఉంచడం అలవాటు చేయాలి. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో మధ్యాహ్నం ఎవరు వస్తారన్నది కుక్క రాకముందే తేల్చుకోవాలి. ఇప్పుడు నగరంలో డబ్బు తీసుకుని కుక్కల్ని నడిపించేవాళ్లు, పగటిపూట చూసుకునే డేకేర్లు ఉన్నాయి. వాటి ఖర్చు బియ్యం, పప్పు ఖర్చుతో పాటు నెల బడ్జెట్లో చేరాలి.

అమెరికాకో, బెంగళూరుకో బదిలీ అయితే కుక్క ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న కూడా ఆ లెక్కలోదే. మంచి సంస్థలు దత్తత పత్రంలో ‘ఉంచుకోలేకపోతే మాకే తిరిగి ఇవ్వాలి’ అన్న షరతు రాయించుకుంటాయి. ఆ షరతు ఉన్నచోటే తీసుకోవడం మేలు. వీలైతే మొదటి రెండు మూడు వారాలు ఫోస్టర్‌గా ఉంచుకుంటామని అడగాలి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ వారాలను సెలవు పెట్టిన వారాలుగా కాకుండా మామూలు పని వారాలుగానే గడపాలి. పిల్లలకు స్కూలు, పెద్దలకు ఆఫీసు, ట్రాఫిక్, అలసట అన్నీ ఉన్న వారం ఎలా గడిచిందో చూస్తేనే ఆ ఇల్లూ ఆ కుక్కా కుదురుతాయా లేదా తెలిసేది. కుదరదని తేలితే అదే షెల్టర్‌లో నాలుగైదేళ్ల కుక్కల గది కూడా ఉంటుంది. రోజుకు రెండు చిన్న నడకలతో సరిపెట్టుకుని, మిగతా వేళంతా మనిషి కాళ్ల దగ్గర పడుకునే కుక్కలవి. దత్తత కోసం వచ్చినవాళ్లు ఆ గది వైపు చాలా తక్కువగా వెళ్తారు. వాటిని చూపించమని వాలంటీర్‌ను అడగాలి.